ఇంటి గుర్తును గుడ్డ మీదికి ఎక్కించాలంటే: పెడన, శ్రీకాళహస్తి

అమ్మమ్మ వేసే ముగ్గు, ఇంటి పేరు, ఊరి దేవత, పెళ్ళి చీర అంచు. ఇలా తమదంటూ ఒక గుర్తును సహజ రంగుల్లో గుడ్డ మీద చూసుకోవాలనుకునే వాళ్ళు ఈమధ్య పెరిగారు. ముఖ్యంగా విదేశాల నుంచి సెలవులకు వచ్చే కుటుంబాలు. సహజ రంగులతో గుడ్డ మీద బొమ్మ దించే ఈ కలంకారీ పనికి వెళ్ళాల్సిన ఊళ్ళు రెండు. ముగ్గయితే పెడన, అక్షరాలూ కథా అయితే శ్రీకాళహస్తి. ఇది తారుమారైతే డబ్బూ గుడ్డా రెండూ వృథా.

కలంకారీ అన్నది పారసీకం నుంచి వచ్చిన పేరు. పెడన వైపు అచ్చులతో చేసేది అద్దకం, కాళహస్తిలో కలంతో చేసేది వ్రాతపని. పెడన పక్కనే ఉన్న బందరు (మచిలీపట్నం) అద్దకం మొదటినుంచీ కొనేవాళ్ళ అభిరుచిని బట్టి నడిచింది. గోల్కొండ కాలంలో ఇరానీ పూలతీగలు వచ్చాయి. 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో వర్తకశాల పెట్టాక వాళ్ళు అడిగినవీ అచ్చయ్యాయి. కాళహస్తి గుడ్డ గుడి కోసం పుట్టింది. రామాయణ ఘట్టాలు గీసి, కింద తెలుగులో కథ రాసే పద్ధతి అక్కడిది. అందుకే అక్షరం ఆ గుడ్డ మీద పరాయిగా అనిపించదు.

విజయవాడ నుంచి బందరు 70 కిలోమీటర్ల చిల్లర. గుడివాడ-మచిలీపట్నం రైలు మార్గంలో పెడన స్టేషను ఉంది. బస మాత్రం పెడనలో వెతక్కండి, 10 కిలోమీటర్ల దూరంలోని బందరులో లాడ్జి తీసుకుని పొద్దున్నే వెళ్ళడం మేలు. అద్దకం షెడ్లలో పని ఉదయం చురుగ్గా సాగుతుంది, ఎండ ముదిరితే నిలబడటమే కష్టం.

అచ్చు టేకు చెక్కతో చేస్తారు. బొమ్మను కనీసం రెండు మూడు వారాల ముందు పంపి, అచ్చు చెక్కించి, నూనెలో నానబెట్టించి ఉంచమనండి. నూనె పట్టని కొత్త అచ్చు తడికి వంకరపోతుంది. గీతల రేఖకు ఒక అచ్చు, లోపల నింపే ప్రతి రంగుకూ ఇంకొకటి కావాలి, ఖర్చు అక్కడే పెరుగుతుంది. అరచేతికి కాస్త మించిన సైజు చాలు, పెద్దదైతే ఒత్తిడి సమంగా పడక మధ్యలో రంగు అంటదు. అక్షరాలతో చిక్కు ఏమిటంటే, చెక్కమీద అద్దంలోలా తిరగేసి చెక్కాలి. ఒత్తులు, గుడి, సుడి దగ్గర చెక్క సన్నబడి విరుగుతుంది. ‘ఠ’, ‘థ’ల లోపలి చుక్క రంగుతో పూడిపోతుంది. ముగ్గుకు ఈ బాధ లేదు. అయితే సుడి తిరిగే మెలికల ముగ్గు తిరగేసి పడుతుందని ముందే చూసుకోవాలి.

సహజ రంగుల పని ఒక్క రోజులో కాదు. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతారు. కిలో గుడ్డకు 150 నుంచి 200 గ్రాముల కరక్కాయ సరిపోతుంది. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. పాలు తక్కువైతే నల్లగీత ముద్దగా చెదురుతుంది, తడిగా వదిలేస్తే గుడ్డ కంపు కొడుతుంది. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్ళు రెండు మూడు వారాలు పులిస్తే వచ్చే ద్రావణం కరక్కాయ గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. అది మరీ ఘాటుగా ఉంటే కొన్నేళ్ళకు నల్లగీతల వెంటే గుడ్డ చిరుగుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్ది, ఒకటి రెండు రోజులు ఆగి, పారే నీళ్ళలో జాడించి, ఎర్రరంగునిచ్చే మంజిష్ఠ లేదా చిరివేరుతో ఉడికిస్తారు. జాడింపు సరిగా లేకపోతే మిగులు పటిక పక్కకు అంటుకుని, బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ గుడ్డంతా ఎర్రమరకలు పడతాయి. కాబట్టి డెల్టా కాలువలు కట్టేసే వేసవిలోనూ, ఎండ దొరకని వానాకాలంలోనూ వెళ్ళొద్దు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. కరక్కాయ పట్టించిన గుడ్డను సిద్ధంగా ఉంచమంటే మూడు రాత్రుల బసలో పని ముగుస్తుంది.

పెడనలో స్క్రీన్ ప్రింటు కూడా విరివిగా జరుగుతోంది. బొమ్మ ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా పడిందంటే అది స్క్రీను. అచ్చుపనిలో అతుకుల దగ్గర చిన్న తేడా తప్పకుండా కనిపిస్తుంది. స్క్రీను గుడ్డకు అచ్చు ధర ఇవ్వకండి.

కాళహస్తికి తిరుపతి నుంచి బస్సులు ఎప్పుడూ ఉంటాయి, దూరం 40 కిలోమీటర్ల లోపే. విజయవాడ నుంచి గూడూరు మీదుగా రైల్లోనూ రావచ్చు. రాహుకేతు పూజల రద్దీ వల్ల గుడి చుట్టుపక్కల గదులు తొందరగా నిండుతాయి. శివరాత్రి రోజుల్లో అసలు ప్రయత్నించొద్దు. తిరుపతిలో దిగి రోజూ వెళ్ళిరావడం హాయి.

ఇక్కడ చింతపుల్ల బొగ్గుతో చిత్తు గీసి, వెదురు కలంతో రేఖ వేస్తారు. కలానికి చుట్టిన ఉన్నిని వేలితో నొక్కితే రంగు దిగుతుంది. ఎక్కువ నొక్కితే బొట్టు పడుతుంది, నల్లబొట్టు ఇక పోదు. నేర్చుకుందామని వచ్చేవాళ్ళు మొదటిరోజు పాతగుడ్డ మీద గీతలు గీయడానికే కేటాయించాలి. గంటన్నర వర్క్‌షాపుతో చేతికి వచ్చేది కాదు. పెద్ద తెరకు కళాకారులు వారాలు అడిగితే అది న్యాయమే, తొందరపెట్టకండి. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టికి పద్మశ్రీ దక్కింది ఇలాంటి ఓపిక పనికే. ఏ ఘట్టం కావాలో, కింద ఏ వాక్యం రాయాలో కాగితం మీద మీరే స్పష్టంగా రాసివ్వండి. ఇంటిపేరులో దీర్ఘం పోతే దిద్దడం కుదరదు.

రెండు ఊళ్ళలోనూ డిజైన్ల ఫొటోలు అడిగాకే తీయండి. మీ అచ్చు మీకే ఇవ్వాలని, దాన్ని ఇంకొకరి గుడ్డకు వాడొద్దని బయానా ఇచ్చేటప్పుడే తేల్చుకోండి. తెచ్చిన గుడ్డను మొదటిసారి విడిగా, చన్నీళ్ళలో, కుంకుడు రసంతో ఉతికి నీడన ఆరేయండి. నిమ్మరసం పడనివ్వకండి, పడిన చోట నలుపు వెలిసిపోతుంది.