విట్నీ ప్లాంటేషన్, లూసియానా: న్యూ ఆర్లీన్స్ వెళ్తే ఇది మాత్రం మిస్ అవ్వద్దు

న్యూ ఆర్లీన్స్ నుంచి కార్లో గంట పడుతుంది, మిసిసిపీ నది పక్కన. ఆ రూట్లో ప్లాంటేషన్ బంగ్లాలు (ఒకప్పుడు బానిసలతో చెరుకు పండించిన ఎస్టేట్ల ఓనర్లవి) చాలానే ఉన్నాయి, జనం ఓక్ చెట్ల కింద ఫొటోలు దిగడానికి, పెళ్ళిళ్ళు చేసుకోడానికి (నిజమే, పెళ్ళిళ్ళే!) పోతుంటారు. 2014లో తెరిచిన ఈ మ్యూజియంలో మాత్రం కథంతా అక్కడ బానిసలుగా బతికిన వాళ్ళ వైపు నుంచే చెప్తారు, ఓనర్ల ఇల్లుంది గానీ అదేదో చూశాం అంటే చూశాం అంతే.

పాత చర్చిలో చిన్నపిల్లల శిల్పాలుంటాయి. పిల్లలే ఎందుకంటే, 1930ల చివర్లో ప్రభుత్వం మనుషుల్ని పంపి మాజీ బానిసల జ్ఞాపకాలు రాయించింది, 1865లో బానిసత్వం పోయేనాటికి వాళ్ళలో చాలామంది పిల్లలే మరి. ఆ మాటల్నే బయట రాతి గోడల మీద చెక్కారు, ఎవరు కొట్టారు, ఏం తిన్నారు, అమ్మని ఎప్పుడు అమ్మేశారు... చదువుతుంటే కాళ్ళు కదలవు. ఇంకో చోట లూసియానాలో బానిసలుగా ఉన్న 1,07,000 మంది పేర్లు, చాలావరకు ఇంటిపేరు కూడా లేని ఒంటి పేర్లే. 1811లో బానిసలు చేసిన తిరుగుబాటుకీ స్మారకం ఉంది, అప్పట్లో వాళ్ళ తలలు నరికి కర్రలకి గుచ్చినట్టే శిల్పాలు పెట్టారు, చిన్నపిల్లలతో వెళ్తే అటు తీసుకెళ్ళేముందు ఆలోచించుకోండి.

చెరుకు రసం కాచే ఇనుప బానలు చూస్తే అనకాపల్లి వైపు వాళ్ళకి బెల్లం బట్టీ గుర్తొస్తుంది.

అంతా ఆరుబయటే, వేసవిలో ఉక్కపోత చంపేస్తుంది, పొద్దున్నే వెళ్ళండి. గైడ్ టూర్ దొరికితే ఆడియో జోలికి పోకండి. 5/5.