ఈపీఎస్ పింఛను, 120 రూపాయల ఈఎస్ఐ కార్డు: రిటైరయ్యాక ఏళ్లతరబడి వాడి చూశాక

ప్రైవేటు కంపెనీలో చేసి రిటైరైన వాళ్లు గవర్నమెంటు ఉద్యోగుల పింఛనుతో పోల్చుకుని కూర్చుంటే బీపీ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. నేను బాలానగర్ వైపు ఒక చిన్న ఇంజినీరింగ్ కంపెనీలో లేత్ మీద పనిచేశాను. 1996లో చేరి, 2018లో 58 నిండాక బయటికొచ్చాను. అప్పటినుంచి ఈపీఎస్-95 (పీఎఫ్‌తో ముడిపడిన పింఛను పథకం) పింఛను తీసుకుంటున్నాను, రిటైరైన వాళ్లకిచ్చే ఈఎస్ఐ (కార్మికుల బీమా) వైద్యం కూడా వాడుతున్నాను. రెండింటిలో ఏది గొప్పంటే నా ఓటు ఈఎస్ఐకే.

ముందు పింఛను సంగతి. కంపెనీ కట్టే పీఎఫ్ వాటాలోంచి జీతంలో 8.33 శాతం పింఛను ఖాతాకి పోతుంది. జీతం ఎంతున్నా 15,000 వరకే లెక్క కాబట్టి అది నెలకి 1,250 దాటదు. సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తే వచ్చేదే పింఛను. ఇరవై ఏళ్ల సర్వీసు ఉంటే రెండేళ్లు బోనస్ కలుపుతారు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడల్లా మా షాపులో ఇదే లెక్క. నాకు 22కి రెండు కలిపితే 24, దాన్ని 15,000తో గుణించి 70తో భాగిస్తే 5,142. తీరా ఆర్డరు చేతికొస్తే 2,700 చిల్లర!

సగం ఎవరూ తినలేదు. 15,000 పరిమితి వచ్చింది 2014 సెప్టెంబరులో. అంతకుముందు పరిమితి 6,500. పాత సర్వీసుకి పాత పరిమితితో, తర్వాతి దానికి కొత్త పరిమితితో విడివిడిగా లెక్క కట్టి కలుపుతారు. నా సర్వీసులో పద్దెనిమిదేళ్లు ఆ 6,500 లెక్కలోకే వచ్చాయి. 2014కి ముందు నుంచి పనిచేస్తున్న వాళ్లంతా ఈ లెక్క ఇప్పుడే వేసుకుంటే మంచిది. ఐదు వేలు వస్తాయని ఇంట్లో చెప్పుకుని తర్వాత మాట పడక్కర్లేదు.

ఇంకో సంగతి, దీనికి డీఏ (ధరలు పెరిగేకొద్దీ పెంచే భత్యం) లేదు. 2018లో ఎంత పడిందో ఇవాళా అంతే. మొదట్లో పాలు, కరెంటు, గ్యాసు గడిచేవి. ఇప్పుడు పాలు, కరెంటుకే సరి. కనీస పింఛను 2014లో 1,000 చేశారు. దాన్ని 7,500 చేయాలని పింఛనుదార్లు ఏళ్లుగా ధర్నాలు చేస్తూనే ఉన్నారు. అయితే నెలాఖరుకి బ్యాంకులో పడటం మాత్రం నాకు ఒక్కసారీ తప్పలేదు. నేను పోతే మా ఆవిడకి అందులో సగం వస్తుంది. ఈ రెండింటికీ మార్కులు వేయాల్సిందే.

58కే తీసుకోకుండా 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం చొప్పున పెంచి ఇస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కాగితం మీద పెట్టి చూడండి. రెండేళ్లు ఆగితే 24 నెలల పింఛను వదులుకున్నట్టు. పెరిగేది నెలకి 8 శాతం. పోయిన 24 నెలల డబ్బు ఆ 8 శాతంతో తిరిగి రావాలంటే 300 నెలలు, అంటే పాతికేళ్లు పడుతుంది. 85 దాటి బతుకుతామన్న ధీమా ఉన్నవాళ్లు ఆగొచ్చు. నేను ఆగలేదు.

అప్లికేషన్‌కి వస్తే, ఫారం 10డి నింపడం అరగంట పని. దాన్ని నింపే స్థితికి రికార్డులు తేవడమే అసలు పని. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు దగ్గరే చిక్కు. కంపెనీ రికార్డులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, ఆధార్‌లో మొత్తం పేరు. ఇక ‘వెంకటేశ్వర’ ఉన్న పేర్లయితే ఇంగ్లిషులో ఎస్ పక్కన హెచ్ ఒక చోట ఉంటుంది, ఇంకో చోట ఉండదు. పుట్టిన తేదీ కంపెనీలో స్కూలు సర్టిఫికెట్ ప్రకారం, ఆధార్‌లో జనవరి 1. మా ఆవిడ బ్యాంకు పాస్‌బుక్కులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. పింఛను ఫారానికి భార్యాభర్తలిద్దరూ కలిసి దిగిన ఫోటో కావాలి, ఆవిడ వివరాలూ ఆధార్‌తో కలవాలి. ఇవన్నీ 58 నిండాక మొదలుపెడితే ఆ టెన్షన్ పడలేరు. 55లోనే మొదలుపెట్టండి. ఈ దిద్దుబాట్లకి కంపెనీ సంతకం కావాలి, అది మూతపడితే సంతకం పెట్టే దిక్కుండదు. యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) 2017 అక్టోబరు నుంచి వచ్చినదై, ఆధార్‌తో సరిచూసినదైతే పేరు, పుట్టిన తేదీ లాంటివి ఇప్పుడు మనమే ఆన్‌లైన్‌లో దిద్దుకోవచ్చు. మా తరానికి ఆ అదృష్టం లేదు.

కంపెనీలు మారినప్పుడల్లా ఫారం 10సి పెట్టి పింఛను డబ్బు తీసేసుకునే కుర్రాళ్లకి ఒక మాట. పదేళ్ల సర్వీసు లేకపోతే పింఛనే లేదు. డబ్బు తీసుకున్న ప్రతిసారీ సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నాతో పనిచేసిన ఒకాయన ఇలాగే మూడు కంపెనీలు తిరిగి, చివరికి చేతిలో ఎనిమిదేళ్ల సర్వీసుతో మిగిలాడు. తొమ్మిదిన్నరేళ్లున్నా పదిగా లెక్కేసేవాళ్లు. తీసుకోవద్దు, కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోండి.

ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ మొదట్లో నాకు నరకం. ఇరవై రెండేళ్లు ఇనప రజను, కూలెంటు నీళ్లు పట్టుకున్న వేళ్లు ఇవి, బొటనవేలి మీద గీతలే మిగల్లేదు. మిషను మీద నొక్కడం, ఎర్ర లైటు, తుడుచుకోవడం, మళ్లీ నొక్కడం. ఒక్కో వేలూ మార్చి చూసేవాళ్లం. ముఖం చూపించే పద్ధతి వచ్చాక ఆ బాధ పోయింది. ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్, దాంతో పాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ వేసుకుని, కిటికీ వెలుతురు ముఖం మీద పడేట్టు నిలబడి, కళ్లజోడు తీసి, రెప్పలార్పితే అయిపోతుంది. ఈపీఎస్ వాళ్లు నవంబరులోనే ఇవ్వాలన్న నియమం లేదు. ఏ నెలలో ఇస్తే అక్కణ్నుంచి 12 నెలలు చెల్లుతుంది. నేను నవంబరు రద్దీ తప్పించుకుని ఫిబ్రవరిలో ఇస్తాను.

ఇక ఈఎస్ఐ. ఇది చాలామందికి తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. ఐదేళ్లయినా ఈఎస్ఐ కట్టి, వయసు నిండి రిటైరైన మనిషి ఏడాదికి 120 రూపాయలు కడితే తనకీ, భార్యకీ (లేదా భర్తకీ) వైద్యం. నెలకి పది రూపాయలు పడింది! బయట అరవై దాటిన దంపతులకి హెల్త్ ఇన్సూరెన్స్ అడిగి చూడండి, ప్రీమియం విని మళ్లీ ఫోన్ ఎత్తరు. పైగా షుగరు ఉందంటే మొహం చిట్లిస్తారు. ఇక్కడ షుగరు ఉందా అని అడిగేది మందు రాయడానికే. కంపెనీ నుంచి రిటైర్‌మెంటు కాగితం, పాత ఈఎస్ఐ నంబరు జాగ్రత్తగా ఉంచుకోవాలి. ఏటా గడువు దాటకుండా డబ్బు కట్టాలి. అంతే.

మా ఇద్దరి బీపీ, షుగరు మందులకి మెడికల్ షాపులో నెలకి రెండు వేల దాకా అయ్యేది. ఇప్పుడు డిస్పెన్సరీలో తీసుకుంటాం. పింఛను 2,700 అయినా చేతిలో 4,700 ఉన్నట్టే కదా! కష్టం లేదనను. పొద్దున ఎనిమిదికల్లా వెళ్లకపోతే మధ్యాహ్నం అవుతుంది. ఒక్కోసారి ఒక మాత్ర స్టాకు లేదంటారు, ఆ ఒక్కటీ జన ఔషధిలో కొనుక్కుంటాం. మాత్ర అదే అయినా కంపెనీ మారి రంగు మారుతుంటుంది. మా ఆవిడ ప్రతి నెలా స్ట్రిప్పుల వెనక పొద్దునవి, రాత్రివి అని స్కెచ్ పెన్నుతో రాసిపెడుతుంది.

డెబ్బై నిండిన వాళ్లకి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా ఉంది. ఆదాయంతో పని లేదు, ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు. ఈఎస్ఐ ఉన్నవాళ్లూ తీసుకోవచ్చు. ఇంట్లో ఇద్దరు పెద్దలుంటే ఆ 5 లక్షలూ ఇద్దరికీ కలిపే. అడ్మిట్ అయితేనే పనికొస్తుంది, ఓపీకీ నెలవారీ మందులకీ పనికిరాదు. మా అమ్మకి ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్‌తో కూర్చున్న చోటే చేయించాను. మా బావగారికి మాత్రం కుదరలేదు. అసలు వయసు 73, ఆధార్‌లో 69. వాళ్లు చూసేది ఆధార్ వయసే. పుట్టిన తేదీ రుజువేమైనా దొరుకుతుందేమోనని ఇప్పుడు ఆయన చదివిన ఊరి స్కూలు రిజిస్టరు వెతికిస్తున్నాం.