ఎం.ఐ.ఎస్.కి అమెరికానా, ఎం.బి.ఏ.కి ఎచ్చెర్లా?

మా శ్రీకాకుళంలో బీటెక్ అయిన పిల్లలు చాలామంది అమెరికాలో ఎం.ఐ.ఎస్. (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, అంటే వ్యాపార సమాచారాన్ని కంప్యూటర్లతో నడిపే చదువు)లో ఎం.ఎస్. చేయాలా, ఇక్కడే ఎం.బి.ఏ. చేయాలా అని నలుగుతుంటారు. ఐసెట్ రాసి ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో ఎం.బి.ఏ.లో చేరితే ఇంటికి దగ్గరే, రెండేళ్లు, పెద్ద అప్పు ఉండదు. కాకపోతే అకౌంట్స్, మార్కెటింగ్, హెచ్.ఆర్. మధ్య ఎం.ఐ.ఎస్. మామూలుగా ఒక పేపర్‌గానే వస్తుంది.

అమెరికా ఎం.ఎస్.లో అదే అసలు చదువు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీనే తీసుకోండి. పిక్కల బస్తాలు ఎన్ని వచ్చాయి, ఒలిచాక పప్పు సైజు గ్రేడ్లయిన డబ్ల్యూ-240 ఎంత, డబ్ల్యూ-320 ఎంత, బద్ద ఎంత తేలింది, ఏ వ్యాపారికి ఎంత వెళ్లింది? ఇవి ఏ టేబుల్‌లో పెట్టాలి, ఎస్.క్యూ.ఎల్. (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష)తో ఎలా బయటికి తీయాలి, యజమానికి ఏ రిపోర్టు చూపాలి అన్నది అక్కడ పట్టుగా నేర్పిస్తారు.

ఖర్చు మాత్రం లక్షల్లో. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, అంటే ఓ.పి.టి., 12 నెలలు; కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కింద ఉంటేనే మరో 24 నెలలు. అన్ని ఎం.ఐ.ఎస్.లూ స్టెమ్ కావు, యూనివర్సిటీని అడిగాకే డిపాజిట్ కట్టండి.

పొలం తాకట్టు పెట్టాల్సి వస్తే నా ఓటు ఎచ్చెర్లకే. ఎస్.క్యూ.ఎల్., రిపోర్టులు తయారుచేసే పవర్ బీఐ సాఫ్ట్‌వేర్ ఇంట్లోనే నేర్చుకోవచ్చు. రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి, చేతిలో కొంత డబ్బున్నవాళ్లు మాత్రం ధైర్యంగా అమెరికాకి అప్లై చేయండి.