గుమ్మడికాయ సూప్‌లోకి పండుమిర్చా, వెల్లుల్లి కారమా: ఏది మేలు?

దసరా దాటాక ముసురు పట్టిన సాయంత్రాలకి తియ్యగుమ్మడి సూప్ లాంటిది లేదు. విదేశీ వంటల్లో దీనికి బటర్‌నట్ అనే గుమ్మడి రకం వాడతారు. అది మనకి దొరకదని బెంగ అక్కర్లేదు. మన సంతలో ముక్కలు కోసి అమ్మే తియ్యగుమ్మడీ అదీ ఒకే జాతి మొక్కలు. కాయ మాత్రం ముదరాలి. తొడిమ ఎండి, తొక్కలోకి గోరు దిగకుండా, లోపల కండ ముదురు నారింజ రంగులో ఉండాలి. లేత కాయతో చేస్తే నీళ్ల చారే.

ముక్కల్ని ఉడికించాలా, కాల్చాలా? నా ఓటు కాల్చడానికే. కుక్కర్లో రెండు కూతలకి మెత్తబడిపోతాయి, నిజమే. కానీ ముక్కల్లో నీరు అలాగే ఉండిపోతుంది, రుచి చప్పబడుతుంది. కాలిస్తే నీరు ఇగిరి తీపి చిక్కబడుతుంది, అంచులు ఎర్రబడి కమ్మని వాసన వస్తుంది. ఓవెన్ ఉంటే 200 డిగ్రీల్లో 40 నిమిషాలు. లేకపోతే ఇనప పెనం మీద చెంచా నూనె వేసి, మూత పెట్టి, సన్నసెగన తిప్పుతూ ఉంటే చాలు. నలుగురికి అరకిలో ముక్కలు సరిపోతాయి.

క్రీమా, కొబ్బరిపాలా అన్నది కోనసీమ పక్కన కూర్చుని అడగాల్సిన ప్రశ్నే కాదు. అయితే చిక్కటి కొబ్బరిపాలు పొయ్యి ఆపాకే కలపాలి, మరిగితే విరుగుతాయి.

అసలు తేల్చుకోవాల్సింది కారం సంగతి. ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు దంచి, వేడి నూనెలో ఒక్క పొంగు రానిచ్చి సూప్ పైన చుట్టూ తిప్పి పోస్తే చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది. మిరపలోని ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది, అందుకే ప్రతి చెంచాకీ సమానంగా తగులుతుంది. పది నిమిషాల పని. కాకపోతే గుమ్మడి తీపి, కొబ్బరి తీపి, వాటి మీద ఉత్త మంట. నాలుగు చెంచాలయ్యేసరికి ఇంకేదో కావాలనిపిస్తుంది.

ఆ కావలసింది పులుపు. దప్పళంలో గుమ్మడి ముక్క అంత బాగుండేది చింతపండు వల్లే కదా! జాడీలో చింతపండుతో తొక్కి పెట్టిన పండుమిర్చి ఉంటే, రెండు చెంచాలు మెత్తగా నూరి, నువ్వులనూనెలో మెంతులు వేయించి, అందులో కలిపి జారుగా చేసుకోండి. తీపి, పులుపు, కారం ఒకేసారి నాలుకకి తగులుతాయి. కార్తీకంలో ఉల్లీ వెల్లుల్లీ ముట్టని ఇళ్లకి కూడా ఇదే దారి, నూరేటప్పుడు వెల్లుల్లి మానేస్తే సరి. అందుకే నేను పండుమిర్చికే ఓటేస్తాను. నిల్వ పచ్చడిలో ఉప్పు ఎక్కువ, కాబట్టి సూప్‌లో సగం ఉప్పే వేయండి. పులుపుకి కొబ్బరిపాలు విరగకుండా దీన్ని గిన్నెల్లో పోశాక పైనే వేయాలి.

పండుమిర్చి కొత్త పంట చలికాలంలో గానీ రాదు. పోయినేటి జాడీ ఖాళీ అయిపోతే వెల్లుల్లి కారమే చేసుకుని, దించాక అరచెక్క నిమ్మకాయ పిండండి. చంటిపిల్లల గిన్నెలో ఏదీ వద్దు, కాస్త మిరియాల పొడి చాలు.