స్పీకరుకు కాపలా: ఫ్యూజు మేలా, రిలే మేలా?

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా వెళ్లిన తొలి మంగళవారం. దానికి పదిహేను రోజుల ముందు నుంచే విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల మావంటి మరమ్మతు దుకాణాల ముందు స్పీకరు పెట్టెలు బారులు తీరతాయి. అలాంటి ఒక సాయంత్రం చీపురుపల్లి వైపు నుంచి ఒక భజన బృందం పెద్దాయన పన్నెండు అంగుళాల స్పీకరును తువ్వాలులో చుట్టి, యాంప్లిఫయరును మనవడి చేత మోయించి తెచ్చారు. రెండు బొటనవేళ్లతో కోన్‌ను మెల్లగా నొక్కి చూశాను. కదలలేదు. మధ్యలో ఉన్న మూత కోసి చూస్తే కోన్‌ను ఊపే సన్నని తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, చుట్టిన గొట్టం మాడిన అప్పడంలా ఉబ్బి, నల్లబడి, అయస్కాంతం సందులో ఇరుక్కుపోయి ఉంది. ఆయన జేబులోంచి గాజు ఫ్యూజు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నారు. లోపలి తీగ నిక్షేపంగా ఉంది.

"నాలుగు ఆంపియర్ల ఫ్యూజు వేశాం బాబూ. అది చెక్కుచెదరలేదు. మరి స్పీకరు ఎలా కాలింది?"

ఆయన తప్పేమీ లేదు. స్పీకరు తీగలో ఫ్యూజు ఉంటే భయం లేదని మనలో చాలామంది నమ్ముతారు. ఆ యాంప్లిఫయరులో ఉన్నది 35-0-35, అంటే అటు 35, ఇటు 35 వోల్టుల ఏసీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్. డయోడ్లు, కెపాసిటర్లు దాటాక అది అటు 49, ఇటు 49 వోల్టుల డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, అవుతుంది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒకటి షార్ట్ అయిందంటే ఆ 49 వోల్టులూ నేరుగా స్పీకరు మీద పడతాయి. ఎనిమిది ఓములని రాసి ఉన్న స్పీకరును మీటరుతో కొలిస్తే ఆరు ఓముల దగ్గర చూపిస్తుంది. అంటే ఎనిమిది ఆంపియర్ల కరెంటు, దాదాపు 400 వాట్లు, అంతా వేడే. పాట వస్తున్నప్పుడు కోన్ ఊగుతూ కాయిల్‌కు కాస్త గాలి తగిలిస్తుంది. డీసీ వస్తే కోన్ ఒక పక్కకు పోయి అక్కడే బిగుసుకుంటుంది, ఆ కాస్త గాలీ ఉండదు. కాయిల్ కొద్ది సెకన్లలో మాడిపోతుంది. ఫ్యూజు మాత్రం తన రేటింగ్‌కు రెట్టింపు కరెంటును నిమిషాల తరబడి తట్టుకోగలదు. అది నాసిరకం కావడం వల్ల కాదు, ఫ్యూజు తత్వమే అంత.

పోనీ రెండు ఆంపియర్లది వేద్దామంటే డోలక్ మీద గట్టి దెబ్బ పడ్డప్పుడల్లా ఎగిరిపోతుంది. మూడోసారి ఎగిరాక ఎవరో ఒకరు దాని చుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుడతారు. అక్కడితో ఉన్న కాపలా కూడా పోయినట్టే.

అందుకే స్పీకరుకు నేను రిలే బోర్డే వేస్తాను. రిలే అంటే తన చుట్టకు కరెంటు అందితే కాంటాక్టులను లాగి కలిపి, ఆగితే వదిలేసే స్విచ్చు. యూపీసీ 1237 అనే చిన్న ఐసీతో చేసిన బోర్డులు ఏళ్ల తరబడి మన బజారులో దొరుకుతున్నాయి. ఔట్‌పుట్‌లో డీసీ కనిపించగానే, కాయిల్ మాడేలోపే రిలేను వదిలేస్తుంది. స్విచ్ వేశాక రెండు మూడు సెకన్లు ఆగి గానీ స్పీకరును కలపదు కాబట్టి మొదట్లో వచ్చే 'ధబ్' అనే దెబ్బా తప్పుతుంది.

అయితే బోర్డు పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. రిలే మీద రాసింది చదవండి: 10 ఆంపియర్లు, 250 వోల్టుల ఏసీ, దాని కిందే 30 వోల్టుల డీసీ. మనం తెంచమంటున్నది 49 వోల్టుల డీసీని. ఏసీ సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది, ఆ క్షణంలో నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు. విడిపోయిన కాంటాక్టుల మధ్య ఆ సన్నని సందులో నిప్పు వెలుగుతూనే ఉంటుంది, స్పీకరులోకి కరెంటు పోతూనే ఉంటుంది. అలా పోయిన రిలే మూత తీసి చూశాను. రెండు కాంటాక్టులూ కరిగి, ఆవగింజంత బొట్టుగా అతుక్కుపోయి ఉన్నాయి.

దీనికి మందు ఒక చిన్న తీగ ముక్క. రిలేలో అటూ ఇటూ కదిలే కాంటాక్టుకు స్పీకరును కలపాలి. రిలే లాగినప్పుడు తగిలే కాంటాక్టుకు యాంప్లిఫయరు ఔట్‌పుట్‌ను, వదిలినప్పుడు తగిలే కాంటాక్టును గ్రౌండుకు కలపాలి. అప్పుడు రిలే వదలగానే స్పీకరు రెండు కొసలూ గ్రౌండులోనే ఉంటాయి. నిప్పు ఆరకపోయినా కరెంటు స్పీకరులోకి కాక గ్రౌండులోకి దూకుతుంది, లోపల డీసీ లైన్లలో ఉన్న ఫ్యూజులు ఎగిరిపోతాయి. ఫ్యూజు ఉండవలసిన చోటు అదే. చాలా రెడీమేడ్ బోర్డుల్లో ఆ మూడో కాంటాక్టును ఖాళీగా వదిలేస్తారు. పది నిమిషాల టంకం పని, దయచేసి చేయించుకోండి.

క్రోబార్ అని ఇంకో పద్ధతి ఉంది. డీసీ రాగానే ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు ఔట్‌పుట్‌ను గ్రౌండుకు షార్ట్ చేసేస్తుంది. స్పీకరు బతుకుతుంది గానీ, పొరపాటున పనిచేస్తే బాగున్న ట్రాన్సిస్టర్లే పోతాయి. భజన సెట్టుకు అది వద్దు.

సన్నని, కీచు స్వరాలు పలికించే చిన్న స్పీకర్లను, అంటే ట్వీటర్లను, వీటిలో ఏదీ కాపాడదు. వంద వాట్ల యాంప్లిఫయరును శక్తికి మించి అరిపిస్తే తరంగం నెత్తి చదునై, దాదాపు రెండు వందల వాట్ల దాకా బయటికి తోస్తుంది. యాంప్లిఫయరు మీది ఎర్రలైటు వెలుగుతూనే ఉంటే వాల్యూమ్ తగ్గించాలి. చిన్న యాంప్లిఫయరును అరిపించడం కన్నా పెద్దదాన్ని నెమ్మదిగా వాడడం మేలు.

మరమ్మతు అయ్యాక తొలిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నేరుగా ప్లగ్గులో పెట్టడమా, కరెంటు తీగ మధ్యలో బల్బు వచ్చే సిరీస్ బల్బులో పెట్టడమా అంటే నాకు రెండో మాట లేదు. వంద వాట్ల పాత తీగ బల్బు కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. స్పీకరు కలపకుండా స్విచ్ వేస్తే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారాలి. వెలుగు తగ్గకపోతే లోపల ఇంకా షార్ట్ ఉన్నట్టే.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఎర్తు. 'మ్' అని హమ్ వస్తోందని ప్లగ్గులో మూడో పిన్ను తీసేస్తున్నారు. హమ్ పోతుంది, నిజమే. కానీ మైకు ఒంటికీ యాంప్లిఫయరు ఛాసిస్‌కూ నేరుగా సంబంధం ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇన్సులేషన్ చెడితే 230 వోల్టులు పాడేవారి పెదవుల దాకా వస్తాయి. వాళ్లేమో గుడి ముందు తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి ఉంటారు. మన జిల్లాల్లో దసరా రోజులంటే వాన రోజులు కూడా. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు అక్టోబరులోనే వచ్చాయి. హమ్ పోవాలంటే మిక్సరు, యాంప్లిఫయరు, కీబోర్డు అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. అప్పటికీ పోకపోతే పాట వెళ్లే తీగలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. మెయిన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే తెంచే స్విచ్చు, ఉండాలి. జనరేటర్ వాడితే దాని న్యూట్రల్‌ను ఎర్తు కడ్డీకి కలపాలి, లేకపోతే ఆర్‌సీసీబీ ఉన్నా కాపాడలేదు.

పెద్దాయన స్పీకరుకు కొత్త కోన్, కొత్త కాయిల్ వేయడానికి రెండు రోజులు పట్టింది. రిలే బోర్డుకు ఆయన వెంటనే ఒప్పుకున్నారు. యాంప్లిఫయరు బల్ల మీద పెట్టి తీగ చివర చూస్తే ప్లగ్గుకు రెండే పిన్నులు, మూడోది రంపంతో కోసిన గుర్తు. టంకం కడ్డీ వేడెక్కేలోపు ముందుగా ఆ ప్లగ్గు మార్చాను.