మోడ్ఎక్స్6 కొన్నాక పాత డీఎక్స్7 ఉంచుకోవాలా, అమ్మేయాలా?

రెండూ యమహా సింథసైజర్ కీబోర్డులే. కాగితం మీద చూస్తే పోటీయే లేదు. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7లో 6 ఆపరేటర్లు (సౌండ్ పుట్టించే మూల తరంగాలు), 32 అల్గోరిదమ్‌లు (ఆపరేటర్లను కలిపే పద్ధతులు), ఒకేసారి పలికేవి 16 స్వరాలు, లోపల 32 టోన్లు. అవుట్‌పుట్ మోనో. రివర్బ్, కోరస్ లాంటివేమీ లేవు. 2018లో వచ్చిన మోడ్ఎక్స్6లో డీఎక్స్7 తరహాలోనే సౌండ్ చేసే ఎఫ్‌ఎం-ఎక్స్ ఇంజిన్‌కే 8 ఆపరేటర్లు, 88 అల్గోరిదమ్‌లు, 64 స్వరాలు ఉన్నాయి. శాంపిల్ సౌండ్లకు వేరేగా ఇంకో 128. బరువు చూస్తే పాతది 14.2 కిలోలు, కొత్తది 6.6 కిలోలు. పెళ్ళి ప్రోగ్రామ్ అయ్యాక అర్ధరాత్రి రెండో అంతస్తు నుంచి కీబోర్డ్ దింపేవాళ్ళకు ఈ చివరి అంకె ఒక్కటే చాలు.

అయినా తొందరపడి అమ్మొద్దు. టోన్లు దాదాపు అన్నీ కొత్తదానిలోకి వచ్చేస్తాయి. రానివి వేరే ఉన్నాయి, అవి టోన్లు కావు.

ముందు టోన్ల సంగతి. డీఎక్స్7లో ఫంక్షన్ బటన్ నొక్కి 8వ బటన్‌ను మళ్ళీ మళ్ళీ నొక్కితే మిడి (కీబోర్డులు, కంప్యూటర్ల మధ్య నోట్లు, డేటా పంపే పద్ధతి) సెట్టింగులు ఒక్కొక్కటే వస్తాయి. సిస్టమ్ ఇన్ఫో అనేదాన్ని అవైలబుల్‌కు మార్చాలి. తర్వాత వచ్చే మిడి ట్రాన్స్‌మిట్ ప్రశ్నకు యెస్ కొడితే 32 టోన్ల బ్యాంకు మొత్తం ఒకేసారి బయటికి వెళ్తుంది. కంప్యూటర్‌లో దాన్ని సిస్‌ఎక్స్ ఫైల్‌గా (కీబోర్డు డేటా ఉండే .syx ఫైలు) దాచుకోవాలి. ఆ ఫైలు సరిగ్గా 4104 బైట్లు ఉండాలి. ఒక్క బైటు తగ్గినా పనికిరాదు. మిడి వేగం సెకనుకు 31250 బిట్లు కాబట్టి మొత్తం వెళ్ళడానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బజారులో దొరికే చవక యూఎస్‌బీ-మిడి వైర్లలో బఫర్ చిన్నది. నోట్స్ బాగానే పంపుతాయి గానీ ఇంత పెద్ద మూట వస్తే మధ్యలో కొన్ని బైట్లు మింగేస్తాయి. ఫైలు సైజు తేడాగా కనిపిస్తే కీబోర్డును అనుమానించకండి, వైరు మార్చండి.

ఆ ఫైలును యమహా వాళ్ళ ఉచిత ఎఫ్‌ఎం కన్వర్టర్‌లో వేస్తే మోడ్ఎక్స్ చదవగలిగే ఫైలు వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో పెట్టి లోడ్ చేసుకోవడమే. పాతదాంట్లోని ఒక టోన్ కొత్తదాంట్లో ఒక పార్ట్ (ఒక సౌండ్ పొర) అవుతుంది. డీఎక్స్7లో రెండు టోన్లు కలిపి వాయించే వీలు లేదు. ఇక్కడ ఒకే టోన్‌ను ఎనిమిది పార్టుల్లో పెట్టి ఒక్కోదాన్నీ కాస్త డీట్యూన్ చేస్తే (శ్రుతి అటూఇటూ జరిపితే) అప్పట్లో ఎనిమిది డీఎక్స్7లు ఒకే పెట్టెలో ఉన్నట్టుండే టీఎక్స్816 ర్యాకు ఇచ్చిన దళసరి సౌండ్ వస్తుంది. 64 స్వరాలను ఎనిమిదితో భాగిస్తే ఎనిమిది నోట్లు మిగులుతాయి. రెండు చేతుల కార్డులకు ఇది చాలు. సస్టెయిన్ పెడల్ వదలకుండా తొక్కిపెడితే మాత్రం చాలదు.

పోల్చేటప్పుడు రెంటినీ ఒకే మిక్సర్‌లో పెట్టి, వాల్యూమ్ సమానం చేసి, మోడ్ఎక్స్‌లో రివర్బ్, కోరస్, ఈక్యూ అన్నీ తీసేసి, మోనోలో వినాలి. ఎఫెక్ట్స్ వేసి పోలిస్తే కొత్తదే గెలుస్తుంది, అది పరీక్షే కాదు. ఈ-పియానో 1, బేస్ 1, ట్యూబ్యులర్ బెల్స్, ఈ మూడూ సరిపోతాయి. ఈ-పియానోలో తేడా పట్టుకోవడం కష్టం. బేస్‌లో కింది నోట్లు గట్టిగా కొడితే పాతది కాస్త గరుగ్గా పలుకుతుంది. బెల్స్‌లో చివరి మోత తగ్గుతున్నప్పుడు పాతదాంట్లో సన్నని ఇసుక రాలినట్టు ఒక చప్పుడు వినిపిస్తుంది, కొత్తదాంట్లో మోత నున్నగా ఆరిపోతుంది. ఆ ఇసుక డీఎక్స్7 లోపల అంకెలను సౌండ్‌గా మార్చే 12 బిట్ల కన్వర్టర్ నుంచి వచ్చేది. కొందరికి అదే ప్రాణం. తబలా, ఢోలక్, ప్యాడ్లు మోగుతున్న స్టేజీ మీద మాత్రం అది ఎవరి చెవికీ చేరదు. సొంతంగా చేసుకున్న టోన్లలో 4, 6 అల్గోరిదమ్‌లు వాడినవి ఉంటే వాటిని ముందు వినండి. వాటి ఫీడ్‌బ్యాక్ (ఆపరేటర్ అవుట్‌పుట్ మళ్ళీ వెనక్కి రావడం) ఒక్క ఆపరేటర్‌తో ఆగకుండా 4లో మూడింటిని, 6లో రెండింటిని చుట్టివస్తుంది. కన్వర్ట్ అయినవాటిని చెవితో సరిచూడకుండా వదలకూడదు.

ఇక రానివి. మోడ్ఎక్స్6 కీస్‌కు ఆఫ్టర్‌టచ్ లేదు. కీ నొక్కాక ఇంకాస్త అదిమితే ఏమీ జరగదు. నలభై ఏళ్ళనాటి డీఎక్స్7లో అది ఉంది! బ్రెత్ కంట్రోలర్‌కు (ఊది సౌండ్‌ను అదుపు చేసే పరికరం) జాక్ కూడా పాతదానికే ఉంది. సన్నాయి, ఫ్లూట్, వయొలిన్ బిట్లు వాయించేవాళ్ళకు ఇది చిన్న లోటు కాదు. కుడిచెయ్యి కీస్ మీద, ఎడమచెయ్యి పిచ్ వీల్ మీద ఉంటే వైబ్రేటోకు మూడో చెయ్యి ఎక్కడినుంచి వస్తుంది? అదిమే వేలే ఆ పని చెయ్యాలి. కాబట్టి పాతదాన్ని కొన్నాళ్ళు కంట్రోలర్‌గా, అంటే దాని కీస్‌తో మోడ్ఎక్స్ సౌండ్ పలికించేలా వాడి చూడండి. మోడ్ఎక్స్ యుటిలిటీలో మిడి ఇన్/అవుట్‌ను యూఎస్‌బీ నుంచి మిడి జాక్‌కు మార్చి, డీఎక్స్7 మిడి అవుట్ నుంచి మామూలు మిడి వైరు వేసి, కంట్రోల్ అసైన్‌లో ఆఫ్టర్‌టచ్‌ను సోర్స్‌గా పెట్టుకుంటే పని జరుగుతుంది. పాతదాని సొంత సౌండ్ వద్దనుకుంటే దాని వాల్యూమ్ స్లైడర్ దించేయండి.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటి తరం డీఎక్స్7 మిడి చానల్ 1లో మాత్రమే పంపుతుంది, మార్చే వీలు లేదు. కొత్తది మల్టీ మోడ్‌లో (ఒక్కో పార్టుకు ఒక్కో చానల్) ఉంటే ఆ నోట్లు పార్ట్ 1కే వెళ్తాయి. రెండోది వెలాసిటీ, అంటే కీని ఎంత గట్టిగా కొట్టారో చెప్పే అంకె, దాని గరిష్ఠం 127. ఎంత గట్టిగా కొట్టినా డీఎక్స్7 కీస్ 127 దాకా పంపవు. ఫలితంగా మోడ్ఎక్స్ పియానోలో గట్టి దెబ్బకు పలకాల్సిన శాంపిల్ పొర అసలు తెరుచుకోదు, పియానో దుప్పటి కప్పినట్టు మోగుతుంది. పియానోకు కొత్తదాని కీస్, లీడ్‌కు పాతదాని కీస్ అని పంచుకుంటే హాయి.

ఎవరూ పెద్దగా వాడని ఇంకో దారి ఉంది. మోడ్ఎక్స్ వెనక ఏ/డీ ఇన్‌పుట్ (బయటి సౌండ్‌ను లోపలికి ఇచ్చే జాక్‌లు) ఉంది. డీఎక్స్7 మోనో అవుట్‌ను ఎడమ జాక్‌కు ఇచ్చి, ఇన్‌పుట్‌ను మైక్ నుంచి లైన్‌కు మార్చి, గెయిన్ నాబ్‌ను ఎర్ర లైటు వెలగనంత వరకే పెంచి, దానిమీద కోరస్, రివర్బ్ వేసుకోవచ్చు. అసలు డీఎక్స్7 సౌండే స్టీరియోగా, తడిగా బయటికొస్తుంది. మిక్సర్‌లో అదనంగా ఒక చానల్ కూడా అక్కర్లేదు.

ఇదంతా పాతది ఆరోగ్యంగా ఉంటేనే. చూడాల్సింది ముందు కీస్ కింద. ప్రతి కీకి సన్నని లోహపు స్ప్రింగ్ ఉంటుంది. అది ఒక కాంటాక్ట్ వదిలి ఇంకోదాన్ని తాకడానికి పట్టే సమయాన్ని బట్టి వెలాసిటీ లెక్క కడతారు. అక్కడ తుప్పో దుమ్మో చేరితే ఆ లెక్క తప్పుతుంది. మెల్లగా నొక్కినా కొన్ని నోట్లు గట్టిగా అరుస్తాయి, కొన్ని పలకవు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఇది తొందరగా వస్తుంది. 61 కీస్‌నూ ఒకే బలంతో వరసగా నొక్కుతూ వింటే తెలిసిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలావరకు పోతుంది. స్ప్రింగ్ వంగేలా రుద్దితే మాత్రం ఆ కీ ఇక కోలుకోదు. ఆఫ్టర్‌టచ్ చూడ్డానికి ఫంక్షన్‌లో 29వ బటన్ విలువను 99కి పెట్టి, 30వ బటన్‌ను ఆన్ చేసి, వైబ్రేటో ఒప్పుకునే టోన్ మీద అదమండి. ఒళ్ళు బరువంతా వేస్తే తప్ప కదలకపోతే కీస్ కింది పట్టీ అరిగినట్టే, కంట్రోలర్ ఆశ వదులుకోవచ్చు.

బ్యాటరీ మామూలు సీఆర్2032నే, కానీ బోర్డుకు సోల్డర్ చేసి ఉంటుంది. ఫంక్షన్‌లో 14వ బటన్ దాని వోల్టేజీ చూపిస్తుంది. కొత్త బ్యాటరీ 3 వోల్టుల చుట్టూ ఉంటుంది. మార్చేటప్పుడు ముందు టోన్లు బయటికి తీసి, ప్లగ్ పీకి, పాతది తీసేచోట హోల్డర్ అతికించాలి. బిళ్ళ మీదే నేరుగా సోల్డర్ పెట్టొద్దు, వేడికి పగులుతుంది. మార్చాక తెర మీద పిచ్చి అక్షరాలు కనిపిస్తే కంగారు అక్కర్లేదు, మెమరీ ఖాళీ అయింది అంతే. ఇంటర్నల్ మెమరీ ప్రొటెక్ట్ తీసేసి, దాచిన ఫైలు తిరిగి పంపితే అన్నీ వస్తాయి.

వెనక లేబుల్ తప్పకుండా చదవండి. జపాన్ నుంచి వచ్చినవాటిలో 100 వోల్టులవి ఉంటాయి. మన 230 వోల్టుల ప్లగ్‌లో నేరుగా పెడితే ఫ్యూజుతో సరిపెట్టుకోకపోవచ్చు. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది ఇంకో రెండు మూడు కిలోల మోత.

ఆఫ్టర్‌టచ్ బతికుండి, లీడ్ బిట్లు మీ వంతైతే డీఎక్స్7ను స్టాండు కింది అరలో వైర్లు తియ్యకుండా ఉంచండి. టోన్ల కోసమే దాచాలనుకుంటే అక్కర్లేదు. కన్వర్ట్ చేసిన ఫైలుతో పాటు కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే డెక్స్‌డ్ (డీఎక్స్7ను అనుకరించే సాఫ్ట్‌వేర్) అదే పని చేస్తుంది. అన్నిటికంటే చెడ్డ పని బాక్సులో పెట్టి అటక ఎక్కించడం. మూడు వానాకాలాలు గడిస్తే కాంటాక్టులు పోతాయి, ధర కూడా వాటితోపాటే పోతుంది. అమ్మేటట్టయితే లేబుల్ మీది వోల్టేజీ, బ్యాటరీ మార్చిన నెల, 61 కీస్‌నూ వరసగా నొక్కిన వీడియో, ఈ మూడూ ముందే ఇచ్చేయండి. డీఎక్స్7 టోన్లు దాచే కార్ట్రిడ్జ్ ఉంటే దాన్నీ కలిపే అమ్మండి, మోడ్ఎక్స్‌కు అది ఎక్కడా పట్టదు.