ఈగ కంటి రికార్డింగ్‌కు చౌక బయో-యాంప్లిఫయర్ కిట్లు: కొనేముందు ఫిల్టర్ చూడండి

కండరాలు, నాడీ స్పైకుల (నాడీకణాల క్షణికమైన విద్యుత్ పల్సుల) కోసం చేసిన చౌక కిట్లు చాలావరకు డ్రోసోఫిలా (పండ్ల ఈగ) కంటికి పనికిరావు. సున్నితత్వం చాలక కాదు, ఫిల్టర్ వల్ల. వెలుగు పడగానే ఫోటోరిసెప్టర్‌లో (వెలుగును పసిగట్టే కణంలో) ట్రిప్, ట్రిప్‌ఎల్ అనే అయాన్ ఛానళ్లు తెరుచుకుని కణం డీపోలరైజ్ అవుతుంది, అంటే లోపలి వోల్టేజ్ పాజిటివ్ వైపు జరుగుతుంది (మన కంట్లో దీనికి తలకిందులు). కంటి మీది ఎలక్ట్రోడ్‌కు అది వెలుగున్నంతసేపూ నిలిచే నెగెటివ్ సిగ్నల్, కొన్ని మిల్లీవోల్టులు. 1 హెర్ట్జ్ హైపాస్ ఫిల్టర్ (నెమ్మదిగా మారే సిగ్నళ్లను ఆపేది) ఉంటే ఆ సిగ్నల్ మధ్యలోనే సున్నాకు జారుతుంది; మామూలు ఈగ కూడా ట్రిప్ మ్యూటెంట్‌లా (ట్రిప్ జన్యువు చెడి, వెలుగు ఉండగానే సిగ్నల్ పడిపోయే ఈగలా) కనిపిస్తుంది! మొదట, చివర వచ్చే ముళ్లు మాత్రం మిగులుతాయి, కానీ అవి ఫోటోరిసెప్టర్లవి కావు, వాటి తర్వాతి పొరైన లామినాలోని నాడీకణాలవి.

డీసీ కప్లింగ్ (హైపాస్ లేకుండా నిలకడ సిగ్నల్‌ను కూడా పంపే) స్విచ్ ఉన్న మోడలే తీసుకోండి. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే రెట్లు) 100 చాలు. కిట్‌తో వచ్చే సూదులు పక్కన పెట్టి, సెలైన్ (ఉప్పు ద్రావణం) నింపిన గాజు కేపిల్లరీలో క్లోరైడ్ పూత వేసిన వెండి తీగ వాడండి. ఒకటి కంటిపై ఆనించాలి, రెండోది థొరాక్స్‌లో (ఈగ ఛాతీ భాగంలో). కొన ఆరితే బేస్‌లైన్ కొట్టుకుపోతుంది. వెండి మీద వెలుగు పడితే దొంగ సిగ్నల్ వస్తుంది: ఈగ లేకుండా సెలైన్ చుక్కలో రెండు కొనలూ ముంచి ఎల్‌ఈడీ వెలిగించి చూడండి. 50 హెర్ట్జ్ హోరుకు ఎర్త్ చేసిన ఇనుప జాలీ పెట్టె తప్పదు, సాధారణంగా కిట్‌లో ఇవ్వరు.